కుట్టు పడవకు సూది ఉండదు

సూది బరువు ఎంతుంటుందో మీకు తెలుసా? మా కొట్లో త్రాసు మీద పెడితే ముల్లు కదలదు. అలాంటి సూదొకటి తొమ్మిదేళ్ళుగా నా మీద ఉంది. నిజానికి అది నా దగ్గర లేదు కూడా. భువనేశ్వర్‌లో ఒకతని గోడకు గుచ్చి ఉంది. బరువు మాత్రం నాదే.

నవ్వకండి. పోనీ, నవ్వండి. బరంపురంలో నన్ను చూడగానే నవ్వడం నన్నెరిగినవాళ్ళందరికీ అలవాటే, ఆ అలవాటు చేసింది నేనే. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడు నలుగురిలో నిలబడాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. నాకు నోరుంది. పెళ్ళిలో, చావులో, బస్సులో, ఎక్కడైనా సరే ఎదుటివాణ్ణి ఒక్క మాటతో పడగొట్టగలను. ఈ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఏటంటే, దీన్ని వెటకారం లేకుండా చెప్పాలి. అది నాకు అంతగా చేతకాదు. ప్రయత్నిస్తాను. మధ్యలో ఎక్కడైనా జోకు పడితే, అక్కడ భయపడ్డానని అనుకోండి.

మాది తాళ్ళ కొట్టు. కొబ్బరి తాడు, వల దారం, గోనె దారం, దబ్బనాలు, సూదులు. ఎన్ని తరాల కిందట ఇక్కడికొచ్చామో మా ఇంట్లో ఎవరికీ లెక్క తెలీదు. ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా, కోపమొస్తే రెండూ. మా నాన్న దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం, సూది ఎవరి చేతికీ ఇవ్వకూడదని. బల్ల మీద పెట్టాలి, కావలసినవాళ్ళు తీసుకోవాలి. చేతికిస్తే ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మధ్య పగ పుడుతుందట. బేరానికొచ్చినవాళ్ళు చెయ్యి చాపి నిలబడినా నాన్న పట్టించుకోకుండా బల్ల మీదే పెట్టేవాడు. సంగతి తెలియనివాళ్ళు ఈ సేటుకి ఎంత పొగరో అనుకునేవారు.

బడి మానేశాక నా చదువంతా నెట్ సెంటర్లో సాగింది. రాజ్యాలు కట్టే ఆటలు. చేతిలో ఒక పల్లె ఉంటుంది. నిప్పు, కుండ, నాగలి, ఇనుము. ఒక విద్య నేర్చుకుంటే దాని తర్వాతది తెరుచుకుంటుంది. మధ్యాహ్నం అన్నం తిని కూర్చుంటే చీకటి పడేలోపు రెండు వేల ఏళ్ళు దాటేసేవాణ్ణి. లెక్కల మాస్టారు నన్ను పనికిరానివాడన్న సంగతి నా సైన్యాలకి తెలీదు కదా.

తర్వాత మా ఊళ్ళోనే, ఒక మందుల షాపు మీద రెండు గదుల్లో, ఇలాంటి ఆట తయారుచేసే చిన్న కంపెనీ మొదలైంది. పెట్టినాయన ఒడియా ఆయన. సార్ అనేవాళ్ళం. ఫోన్లో ఆడే ఆట, పాతకాలం కళింగ తీరం మీద, ఒడియాలోనూ తెలుగులోనూ. మొదట ఆడి తప్పులు పట్టడానికి నన్ను పెట్టుకున్నారు. ఆరు నెలలకి విద్యల చెట్టు పని నా చేతికొచ్చింది. ఏ విద్య వెనక ఏ విద్య, ఎన్ని వంతుల్లో వస్తుంది, వచ్చినప్పుడు తెర మీద ఏ మాట పడుతుంది, ఇవన్నీ నేను. ఆ చెట్టుని ఫోన్లో నడిచేలా చేసేది బిభూతి. భంజనగర్ కుర్రాడు, ఇంజనీరు. నాకంటే నాలుగేళ్ళు చిన్న, తొమ్మిదేళ్ళ చదువు ఎక్కువ. అయినా నన్ను భాయ్ అనేవాడు.

ఈ పని బయటికి తేలిగ్గా కనిపిస్తుంది. కాదు. ఇనుము తొందరగా ఇచ్చేస్తే మిగతావన్నీ దండగ. ఆలస్యం చేస్తే ఆడేవాడు ఫోను పక్కన పడేసి టీకి పోతాడు. ప్రతి విద్యా ఒకటిచ్చి ఒకటి తీసుకోవాలి, లేకపోతే ఎంచుకునే పనేముంది? కొత్తది రాగానే పాతది తెర మీంచి పోవాలి, లేకపోతే అన్ని బొమ్మల మధ్య మనిషి తప్పిపోతాడు. ఈ పాతది పోవడం అన్నది చూశారూ, అక్కడే నా కథంతా ఉంది.

పడవల సంగతి తెలిసినవాళ్ళెవరైనా కావాలన్నారు సార్. నేను ఎర్రయ్య తాతని తీసుకొచ్చాను. గోపాల్‌పూర్ మత్స్యకారుల పేటలో ఉండేవాడు. మా కొట్టుకి పాత బేరం. కొబ్బరి తాడు పంటితో కొరికి చూసి గానీ కొనేవాడు కాదు. ఆయన పని కుట్టు పడవలు. మేకన్నదే ఉండదు. పలకల అంచుల్లో చిల్లులు వేసి, సందుల్లో ఎండుగడ్డి దోపి, కొబ్బరి తాడుతో కుట్టేస్తారు. అక్కడ అల ఒడ్డు మీదే విరుచుకుపడుతుంది. మేకులు కొట్టిన పడవ బిర్రబిగుసుకుని ఉంటుంది గనక ఆ దెబ్బకి పగులుతుందని, కుట్టిన పడవ ఒళ్ళు వంచి దాటేస్తుందని చెప్పేవాడు. ఏడాదికోసారి విప్పి మళ్ళీ కుట్టాలి. ఆ పని తెలిసినవాళ్ళు పేటలో అప్పటికి ఆయనా, ఆయన జోడీ, ఇద్దరే మిగిలారు. పడవ కూడా ఒకటే మిగిలింది, ఒడ్డు మీంచి గుంపుగా అలివి వల లాగేవాళ్ళది.

వారానికోసారి బస్సెక్కి మా ఆఫీసుకి వచ్చేవాడు. కుర్చీ అంచు మీద, కుర్చీకి నొప్పి పుడుతుందేమో అన్నట్టు కూర్చునేవాడు. కొబ్బరి పీచు ఎన్నాళ్ళు నానాలో, దానికి ముందు ఏం తెలిసుండాలో, ఏ చెక్క పనికొస్తుందో చెప్పేవాడు. బిభూతి అంతా ఒడియాలో నోటుబుక్కులో రాసుకునేవాడు. మన పని ఆటలోకి ఎక్కుతోందని తాత పేటలో అందరికీ చెప్పుకున్నాడని తర్వాత తెలిసింది.

ఒకసారి జోడీకి జ్వరం వస్తే, పని ఎలా ఉంటుందో చూసినట్టుంటుందని నేనే వెళ్ళాను. తాత పడవ లోపల, నేను బయట ఇసకలో. మధ్యలో పలక. ఒకరికొకరం కనిపించం. లోపలి నుంచి చిల్లులోకి తాడు కొస వస్తుంది. దాన్ని లాగి, కర్రకి చుట్టి, ఒంటి బరువంతా వేసి బిగించి, బిగిసిందని కేకెయ్యాలి. ఆ కేక విని ఆయన తర్వాతి కుట్టుకి పోతాడు. ఆయనకి ఆధారం నా నోరొక్కటే. సూది ఉండదు. ఇది చెప్పడం మరిచేను. తాడు కొసని మెలిపెట్టి చిల్లులో దూర్చడమే, కుట్టు పడవకి సూదన్నదే ఉండదు.

పది కుట్లకి నా అరచేతులు లేచిపోయాయి. పదకొండోదానికి సగం లాగి, బిగిసింది తాతా అనేశాను. తర్వాత రెండూ అంతే. ఆయన చుట్టూ తిరిగి ఇవతలికొచ్చి, బొటనవేలితో తాడుని నొక్కి చూశాడు. తిట్టలేదు. ఆ మూడు కుట్లూ విప్పేశాడు. బిగవకపోతే బిగవలేదని సెప్పు బాబూ, తప్పేటి నేదు, ఇప్పి మళ్ళీ కుట్టుకుంటాం అన్నాడు. ఒడ్డు మీద సెప్పకపోతే నడి సంద్రంలో నీళ్ళు సెప్తాయన్నాడు. ఆ సాయంత్రం వరకూ మళ్ళీ అబద్ధమాడలేదు. ఆయన నన్ను మెచ్చుకున్నాడు కూడా, కొట్లో కుర్చీకి అతుక్కుపోయినోడివి ఇంతసేపు కూకుంటావనుకోలేదని.

ఆట సగం తయారయ్యాక కాలేజీ పిల్లల్ని పిలిచి ఆడించాం. ఒకమ్మాయి మేకుల విద్య జోలికే పోకుండా కుట్టు పడవలతోనే తీరమంతా గెలిచింది. ఒకసారి కాదు, మూడుసార్లు. బిభూతి తాత చెప్పింది చెప్పినట్టు రాశాడు మరి. అలల ఒడ్డున మేకుల ఓడలు పగిలిపోతున్నాయి. వాడి సంబరం చూడాలి. భాయ్, ఇది పాతదీ కొత్తదీ కాదు, రెండు వేరే కొమ్మలు, రేవున్న చోట మేకు, రేవు లేని చోట కుట్టు, రెండూ చివరిదాకా ఉంచుదాం అన్నాడు. తీరం పటం మళ్ళీ గీయాలి, ఇంకో రెండు నెలలు పడుతుంది, నేను చేస్తానన్నాడు.

వద్దన్నాను. ఆడేవాడికి మెట్లెక్కుతున్నట్టుండాలి, కింది మెట్టు చివరిదాకా కాళ్ళకి తగులుతుంటే వాడెక్కడికి ఎక్కినట్టు అన్నాను. సార్‌కి ఆ మాట నచ్చింది. మేకు రాగానే కుట్టు పడవ బూడిద రంగులోకి మారి మాయమయ్యేలా చేశాం.

ఎందుకన్నాను? పని త్వరగా అవుతుందని. అది నిజమే. కానీ తొమ్మిదేళ్ళుగా తవ్వుకుంటుంటే దాని కింద ఇంకోటి కనిపిస్తోంది, మనుషులందరినీ ఒకే నిచ్చెన మీద నిలబెట్టి చూసే బళ్ళోంచి ఎనిమిదో మెట్టు దగ్గర జారిపడినవాణ్ణి నేను, చేతికి అధికారం రాగానే నేను కట్టింది మళ్ళీ ఆ నిచ్చెననే, కింద నిలబెట్టడానికి నాకంటే తక్కువ చదివినవాడొకడు దొరికాడు, అదే నాకు లోపల ఎక్కడో చల్లగా అనిపించిందేమో. ఏమో కాదు. అనిపించింది.

ఇక తెర మీద పడే మాట. మేకు విద్య వచ్చినప్పుడు ఏం పడాలి? నేను రాసింది ఇది: మేకు వచ్చింది! దర్జీ గారూ, ఇక సూదులు దాచుకోండి. సార్ పడీ పడీ నవ్వారు. బిభూతి నవ్వలేదు. అక్కడ సూది ఉండదు కదా భాయ్ అన్నాడు. పడవకి అక్కర్లేకపోవచ్చు, జోకుకి కావాలన్నాను. ఒడియాలోకి కూడా నేనే మార్చాను.

ఆట వచ్చింది. పెద్దగా ఆడలేదు గానీ మా జిల్లాలో బాగానే తిరిగింది, గోపాల్‌పూర్ పేటలో మరీను, తాత చెప్పుకుని ఉన్నాడు కదా. కుర్రాళ్ళు ఫోన్లలో దించుకున్నారు. ఆడారు. మేకు దగ్గరికొచ్చారు. ఆ పూటనుంచి ఎర్రయ్య తాత దర్జీ తాత అయిపోయాడు. వల లాగుతూ ఒకడు నా లాగు సిరిగింది దర్జీ తాతా అంటే, ఇంకొకడు గుండీ ఊడిందని చొక్కా చాపేవాడట. ఆ ఏడాదే అలివి వలవాళ్ళు పడవని మళ్ళీ కుట్టించాలా, ఫైబర్ పడవ తీసుకోవాలా అని కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ కూర్చోవడంలో కూడా ఎవరో నా జోకు వేశారట. ఫైబర్ అన్నారు. నా జోకు లేకపోయినా ఫైబరే అనుండేవారు. అలా అనుకునే చాలా రాత్రులు నిద్రపోయాను. కానీ ఆ ముసలాయనని నవ్వుతూ పంపనక్కర్లేదు కదా.

ఒకరోజు పొద్దున్న ఆయన ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. బిభూతి చెల్లెలి పెళ్ళికి భంజనగర్ వెళ్ళాడు. సార్ లేరు. నేనొక్కణ్ణే ఉన్నాను. కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

"బాబూ, ఆ మాట రాసినోడెవులు?"

"ఏ మాట తాతా?"

"సూదులు దాసుకోమన్న మాట. మా మనవరాలు సదివి సెప్పింది. నువ్వు కాదని నాకెరుకే. నువ్వు నాతో బయట కూకున్నోడివి. మా పనిలో సూది ఉండదని నీకు తెలుసు. రాసినోడు ఎవుడో సూడనోడు."

ఇక్కడ ఆగుతాను కాసేపు.

నిజం చెప్పడానికి ఆయన నాకు తలుపు తీసి పెట్టాడు. తెలిసే చేశాడా అని ఒక్కోసారి అనుమానం. కాదు. ఆయన నన్ను నమ్మాడు, అంతే. నేనే తాతా, నోటి దూల అని ఉంటే ఏమయ్యేది? ఒక బూతు తిట్టేవాడు. రెండు తిట్టేవాడు. నా నోటికి తట్టింది మాత్రం ఇది.

"బిభూతి తాతా. ఒడియాలో ఆడు రాసినాడు. దాన్ని సూసి తెలుగులోకి దింపేశారు."

"ఆ నోటుబుక్కు బాబేనా?"

"ఆడే. కుర్రోడు కదా, తెలీక..."

"నువ్వు సెప్పలేదేటి, సూది ఉండదని?"

"సెప్పినాను. ఇన్లేదు."

ఆయన తల ఊపాడు. చాలాసేపు ఊపాడు. "సర్లే. నువ్వు బిగిసిందంటే బిగిసినట్టే," అన్నాడు. మెట్లు దిగిపోయాడు.

చూశారా, నేను ఆడిన అబద్ధం ఎలాంటిదో. సూది ఉండదని చెప్పినవాడు బిభూతి. విననివాణ్ణి నేను. ఉన్నదున్నట్టు తీసుకుని పేర్లు మార్చానంతే. పనివాణ్ణి కదా, కొత్తగా కల్పించే శ్రమ ఎందుకు.

వారం తర్వాత నాన్న ఊళ్ళో లేక కొట్లో కూర్చున్నాను. తాత వచ్చాడు. తాడు కోసమనుకున్నాను. బట్టలు కుట్టే సూదొకటి ఇమ్మన్నాడు. నీకెందుకు తాతా అనబోయి, ఆ నవ్వు నోట్లోనే మింగేశాను. సూదిని బల్ల మీద పెట్టాను. ఆయన కొసని చూసి, చిన్న కాగితంలో చుట్టి, అంగీ జేబులో పెట్టుకున్నాడు.

బిభూతి చెల్లెలి పెళ్ళి నుంచి తిరిగొచ్చాక, నాకు చెప్పకుండా, ఒక మిఠాయి పొట్లం పట్టుకుని గోపాల్‌పూర్ వెళ్ళాడు. ఆటకి రెండో విడత వస్తే కుట్టు పడవని చివరిదాకా ఉంచుతానని, సార్‌ని తను ఒప్పిస్తానని తాతకి చెప్పడానికి. తాత వాణ్ణి కూర్చోమనలేదట. మిఠాయి తీసుకోలేదట. చెప్పిందంతా విని, లోపలికెళ్ళి కాగితం పొట్లం తెచ్చి, విప్పి, వాడి చెయ్యి పట్టుకుని అరచేతిలో సూది పెట్టాడట. దాచుకో అని ఒడియాలో ఒక్కమాట అన్నాడట. తలుపేసుకున్నాడట.

చేతిలో పెట్టాడు. మా పేటల్లో చంటిపిల్లకి కూడా తెలుసు దానర్థం ఏమిటో. నీకూ నాకూ ఇక చెల్లు, పగే మిగిలింది అని. బిభూతికి తెలీదు. సాయంత్రం వచ్చి నా ముందు అరచెయ్యి తెరిచి, ఇదేంటి భాయ్, మీవాళ్ళలో ఏదైనా ఆచారమా అని అడిగాడు.

అప్పుడైనా చెప్పొచ్చు. రెండో తలుపు అది. వాడి మొహంలో తప్పు చేశానేమో అన్న భయం ఉంది, ఆ భయం తీసెయ్యాలనిపించింది, అది మంచితనమనే అనుకున్నాను ఆ క్షణంలో. ఆచారమేరా అన్నాను. మా పెద్దలు మనసుకి బాగా నచ్చినవాళ్ళకే పనిముట్టు చేతికిస్తారు, ఆశీర్వాదం అన్నాను. పడవకి సూది ఉండదు కదా అంటే, ఇంట్లో చేతికందిన పనిముట్టు అదే అయ్యుంటుంది, దాచుకో అంటే భద్రంగా ఉంచుకోమని అన్నాను. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మరి మొహం అలా ఎందుకు పెట్టాడని అడిగాడు. ముసలాళ్ళు ఏడుపొస్తే అలాగే పెడతారన్నాను.

నా జోకులన్నింటిలో బాగా పేలింది అదే. నవ్వినవాళ్ళే లేరు.

రెండో విడత రాలేదు. కంపెనీ మూసేశారు. బిభూతి భువనేశ్వర్ వెళ్ళిపోయాడు. నేను తాళ్ళ కొట్లోకే వచ్చి పడ్డాను. తాత మళ్ళీ పడవ కుట్టలేదు. ఆ చివరి పడవ పలకలు ఒడ్డున ఒక టిఫిన్ పాకకి గోడయ్యాయి. ఇప్పటికీ ఉన్నాయి. అంచుల్లో చిల్లులు వరసగా, వాటిలోంచి ఇటు ఎండ పడుతుంది. నేనక్కడ టిఫిన్ తినను.

మూడేళ్ళకి ఆయన పోయాడు. వెళ్ళాను. మనవరాలు నన్ను చూసి ఏడుస్తూ, మా తాత మీ ఒక్కరి గురించే మంచిగా చెప్పేవాడండి అంది. ఆయన దృష్టిలో ఆయన పక్షాన నిలబడ్డవాడు శత్రువు, నవ్వులపాలు చేసినవాడు ఆప్తుడు. అలాగే నమ్మి పోయాడు. దాన్ని విప్పి మళ్ళీ కుట్టడం ఇక ఎవరి తరమూ కాదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న బిభూతి ఫొటో పంపాడు. ఇంట్లో గోడ. ఒక అట్టముక్క, దానికి ఆ సూది గుచ్చి ఉంది. పక్కన వాడి కూతురు గీసిన పడవ బొమ్మ, పలకల అంచుల్లో చుక్కలు చుక్కలుగా కుట్లు. ఈ సూదితో ఒక తాత పడవలు కుట్టేవాడని పిల్ల బళ్ళో చెప్పిందట, దిద్దబుద్ధి కాలేదట వాడికి. కింద రాశాడు, ఆ తాత ఆశీర్వాదం భాయ్ ఇది, నువ్వు లేకపోతే నాకు అర్థమయ్యేదే కాదు అని.

జవాబు రాసి చెరిపాను. మళ్ళీ రాశాను. చెబితే వాడికి మిగిలిన ఆ ఒక్క ఆశీర్వాదం కూడా లాక్కున్నట్టు. చెప్పకపోతే వాడు రోజూ లేచి తన మీది పగకి దణ్ణం పెట్టుకుంటున్నట్టు. ఇందులో ఏది జాలో, ఏది పిరికితనమో నాకు తెలియడం లేదు. తెలియనట్టు నటిస్తున్నానేమో కూడా. చివరికి ఒక దణ్ణం బొమ్మ పంపి ఫోను మూశాను.

అందుకే మీకు చెబుతున్నాను. మీరు వాడికి చెప్పలేరు, నా పేరు మీకు తెలీదు. పిరికివాడు ఎంచుకున్న చెవులు మీవి. మిమ్మల్ని క్షమించమని అడగను. ఆ క్షమ మీ దగ్గర ఉండేది కాదు. ఇవ్వగలిగినవాళ్ళలో ఒకరు లేరు, రెండోవాడికి తెలీదు.

అయినా మాట బయటపడాలి. పలకకి ఇవతల కూర్చున్నవాడి పని అదొక్కటే కదా. లోపల ఎవరూ లేరని తెలుసు. తాడు కదలదని తెలుసు. అయినా చేతులు వదులు చేసుకుని, తొమ్మిదేళ్ళు ఆలస్యంగా, ఈ వైపు నుంచి కేకేస్తున్నాను.

బిగవలేదు తాతా. ఆ మాట రాసింది నానే.